గ్రహణం అన్న మాట

మా నాన్నకు నా పని ఏమిటో చెప్పడం వచ్చేది కాదు. పుంగనూరు బజారులో ఎవరైనా అడిగితే "మా పాప రేడియోలో పని చేస్తాండాది" అనేవాడు. అందులో అబద్ధం లేదు కాబట్టి నేనూ దిద్దలేదు. దాంతో సెలవులకు వచ్చినప్పుడల్లా ఊళ్లోవాళ్లు నా గొంతు ఎప్పుడు వినపడుతుందని అడిగేవాళ్లు. బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే సాయిబు ఒకసారి నన్ను ఆపి, "ఏ స్టేషనో చెప్పమ్మా, పట్టిస్తా. నాకు దొరకని స్టేషను లేదు" అన్నాడు. నేను వినే స్టేషను నుంచి బయలుదేరింది ఇక్కడికి చేరడానికి కొన్ని వందల కోట్ల ఏళ్లు పడుతుందని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే అన్నీ పాత పాటలే వస్తాయి" అన్నాడు. ఇంటికి వచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. అప్పట్లో నాకు నవ్వు తొందరగా వచ్చేది.

డెబ్బైల మొదట్లో నేను దక్షిణాన ఒక కొండ మీద, రేడియో టెలిస్కోపు దగ్గర పరిశోధన చేసేదాన్ని. మా సరుకు రేడియో గెలాక్సీలు. కోట్లకొద్దీ నక్షత్రాలు ఒక్కచోట చేరితే గెలాక్సీ. వాటిలో కొన్ని మామూలు వెలుగుతోపాటు రేడియో తరంగాలను కూడా విపరీతంగా వెదజల్లుతాయి. విచిత్రమేమిటంటే ఆ తరంగాలు ఎక్కువగా వచ్చేది గెలాక్సీలోంచి కాదు. దానికి ఆ పక్కా ఈ పక్కా, చాలా దూరంలో, రెండు పెద్ద మబ్బుల్లాంటివి ఉంటాయి. వాటిలోంచి వస్తాయి. ఇంగ్లీషులో లోబులంటారు. నేను మనసులో తమ్మెలు అనుకునేదాన్ని, చెవి తమ్మెల్లాగా. మనిషి ముఖం కనపడకుండా రెండు చెవుల కమ్మలు మాత్రమే మెరుస్తున్నట్టు ఉంటుంది ఆ బొమ్మ. గెలాక్సీ నడిబొడ్డున ఏదో ఒకటి కూర్చుని, రెండు సన్నటి ధారలుగా ఆ తమ్మెలకు మేత పంపుతూ ఉంటుంది. అదేమిటో మాకు గట్టిగా తెలియదు. పెద్ద బ్లాక్‌హోల్ అయి ఉండాలని అనుకునేవాళ్లం.

మా టెలిస్కోపు పెద్దదే కానీ చూపు మసక. అంత దూరంలో ఉన్నదాని సైజు తేల్చాలంటే చంద్రుడి సాయం కావాలి. చంద్రుడు ఆకాశంలో నడుస్తూ తన దారిలో ఉన్నవాటన్నిటినీ కప్పుతూ పోతాడు. ఒక రేడియో గెలాక్సీని కప్పినప్పుడు, మా గదిలో కాగితం చుట్ట మీద గీత గీస్తూ ఉండే పెన్ను కిందికి దిగుతుంది. గెలాక్సీ చుక్కంత ఉంటే గీత ఒక్కసారిగా పడిపోతుంది. వెడల్పుగా ఉంటే జారుడుబల్ల మీద దిగినట్టు దిగుతుంది. రెండు తమ్మెలు ఉంటే రెండు మెట్లుగా దిగుతుంది. చంద్రుడు తప్పుకున్నప్పుడు మళ్లీ అలాగే పైకి లేస్తుంది. ఆ మెట్ల మధ్య దూరం కొలిస్తే తమ్మెల మధ్య దూరం తెలిసిపోతుంది. దీనికి రాత్రే కావాలని లేదు. రేడియోకు ఎండ అడ్డం రాదు. పట్టపగలు చుక్కలు చూపించడమంటే ఏమిటో మా గైడు మాకు రెండు రకాలుగానూ చూపించేవారు.

ఎందుకింత పాటు అని ఇంట్లో అందరూ అడిగారు. దూరంగా ఉన్నదాన్ని చూడటమంటే పాతదాన్ని చూడటం. వెలుగైనా రేడియో అయినా నడిచి రావడానికి కాలం పడుతుంది కాబట్టి, ఎంత దూరం చూస్తే అంత వెనక్కి చూసినట్టు. గెలాక్సీలు మొదటి నుంచీ ఇలాగే ఉన్నాయా, మారుతూ వచ్చాయా అన్నది మా ప్రశ్న. మసకమసకగా ఉన్నవి, అంటే బాగా దూరంలో ఉన్నవి, చిన్నవిగా తేలేవి. దూరంగా పోయే బస్సు చిన్నదిగా కనపడుతుంది కదా, అందులో వింతేముందని అనొచ్చు. కానీ మన విశ్వం తీరు వేరు. ఒక మేర దాటాక ఎంత దూరం పోయినా వస్తువు ఇంకా ఇంకా చిన్నదిగా కనపడటం ఆగిపోవాలి. మా కాగితాల మీద అది ఆగలేదు. అంటే అవి చిన్నవిగా కనపడటం కాదు, నిజంగానే చిన్నవి. పైగా ఆ కాలంలో అలాంటివి ఇప్పటికంటే చాలా ఎక్కువ. గెలాక్సీలకూ చిన్నతనం ఉంది, ఎదుగుదల ఉంది, పోటు తగ్గే వయసూ ఉంది. ఇది నేను ఒక్కదాన్నే కనిపెట్టింది కాదు, నా ముందు చాలామంది పని చేశారు. అయినా ఆ గీత రెండు మెట్లుగా దిగుతుంటే చూడటం నాకు సంబరంగా ఉండేది.

నా పెళ్లి డెబ్బై మూడులో అయింది. ఆయన మదనపల్లెలో కాలేజీ లెక్చరరు, కామర్సు చెప్పేవారు. అత్తగారిది కుప్పం. మామగారు పోయి చాలా కాలమైంది. ఆమె ఒక్కతే ఆ ఇంట్లో ఉంటూ, కొడుకు దగ్గరికి రమ్మంటే "ఆడ నాకు పొద్దుపోదు" అనేది. పెళ్లయినా పరిశోధన పూర్తిచేయడానికి ఆయన ఒప్పుకున్నారు. నేను కొండ మీద, ఆయన మదనపల్లెలో, సెలవులకు ఇద్దరం కుప్పంలో.

అలా వెళ్లిన ఒకసారి, అత్త వెనకవైపు వసారాలో చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చుని తీస్తున్నాను.

"ఆ కొండ మీద ఏం చేస్తాండావమ్మా? అబ్బోడు చెప్తాడు గానీ, వాడికే తెలిసినట్టు లేదు" అంది.

చంద్రుడు అడ్డం రావడాన్ని మేం ఇంగ్లీషులో పిలిచే మాట ఆమెకు చెప్పి లాభం లేదు. పుస్తకాల్లో ఆచ్ఛాదనం అని ఒక మాట ఉంది, అది చెప్పినా ఒకటే. చాటు అనొచ్చు, మరుగు అనొచ్చు, అడ్డం అనొచ్చు. అన్నీ ఆమె నోట్లో రోజూ నలిగే మాటలే. నేను మాత్రం అందరికీ తెలిసిన పెద్ద మాట ఎంచుకున్నాను.

"గ్రహణాలు చూస్తామత్తా" అన్నాను.

"గ్రహణాలా? ఏడాదికి రెండో మూడో గదా వచ్చేది?"

"మాకు వారానికే రెండు మూడు వస్తాయి."

ఆమె చేతిలో గింజ అలాగే ఉండిపోయింది. "అన్ని గ్రహణాలా? మాకెవురికీ తెలీకుండానే?"

"మీకు కనపడవు. చంద్రుడు ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని కప్పుతూనే ఉంటాడు."

ఆ సాయంత్రం ఆమె ఎదురింటావిడతో "మా కోడలు గ్రహణాలన్నీ సూస్తాదంట" అని చెబుతుంటే విన్నాను. గొప్పగా చెబుతోందో, భయంగా చెబుతోందో ఆ గొంతును బట్టి తెలియలేదు. నేనైతే గొప్పే అనుకున్నాను.

తర్వాత నెల్లాళ్లకు నేను కడుపుతో ఉన్నానని తెలిసింది. అత్త కొడుకును కొండ మీదికి పంపింది. ఆయన చలికి మఫ్లరు చుట్టుకుని మా గది బయట నిలబడి, "అమ్మ ఈ గ్రహణాలు మానేయమంటోంది" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకే సిగ్గుగా ఉంది. నేను పకపకా నవ్వి, ఆయన్ని లోపలికి తీసుకెళ్లి, పెన్ను గీత గీయడం చూపించాను. ఆయన మర్యాదగా చూసి, టీ తాగి, దిగిపోయారు. బరువు మోయలేనంత అయ్యేదాకా నేను పని చేస్తూనే ఉన్నాను. ఒక గెలాక్సీ నాకు బాగా నచ్చింది, దాని గీత చక్కగా రెండు మెట్లుగా దిగేది. చంద్రుడు కొంతకాలం పాటు నెలనెలా దాని మీదుగా పోతాడు. తర్వాత అతని దారి పక్కకు జరిగిపోతుంది, మళ్లీ అక్కడికి రావడానికి పద్దెనిమిదేళ్లకు పైనే పడుతుంది. అందుకని దొరికినంత వరకు దొరకబుచ్చుకున్నాను. మిగిలిన కాగితం చుట్టలు కాన్పు తర్వాత ఇంట్లో కూర్చుని కొలుద్దామని వెంట తెచ్చుకున్నాను.

కాన్పు మదనపల్లె మిషను ఆస్పత్రిలో అయింది. నర్సమ్మ బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చింది. గుడ్డ మూతి మీదికి కప్పి ఉంది.

"ఆడబిడ్డమ్మా. బాగుండాది. గుండె, కాళ్లు, చేతులు అన్నీ డాక్టరమ్మ సూసింది. పెదవి ఒక్కటే కొంచెం..." అని గుడ్డ తీసింది.

పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. లోపలి చిగురు ఎర్రగా కనపడుతోంది. నేను చూశాను. గుమ్మం దగ్గర నిలబడి అత్త కూడా చూసింది.

"గ్రహణం మొర్రి" అంది.

ఆమె నన్ను తిట్టలేదు. కనీసం నా వైపు చూడలేదు. పేరు చెప్పింది, అంతే. తెలుగులో దానికి అందరూ అనే పేరు అదే. గ్రహణం పూట కడుపుతో ఉన్న మనిషి బయట తిరిగితే బిడ్డకు అలా అవుతుందని పేరులోనే ఉంది. కారణం, రోగం, నింద మూడూ కలిపి ఒక్క మాటలో పెట్టిన భాష మనది. ఆ మాటలో మొదటి సగాన్ని నా నోటితో నేనే ఆమెకు ఇచ్చి వచ్చాను.

అప్పుడు నాకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. కాలు మడిచి చాలాసేపు కూర్చున్నాక లేచి నిలబడితే కాలు మనది కానట్టు ఉంటుందే, అలా మొత్తం మనిషినంతా మొద్దుబారిపోయాను. డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పింది. కడుపులో రెండో నెలలో ముఖం ముక్కలు ముక్కలుగా రెండు పక్కల నుంచి వచ్చి మధ్యలో అతుక్కుంటుందట. ఒక్కోసారి అతుక్కోదట. ఎందుకని ఎవరికీ తెలియదట. కాస్త బరువు పెరిగితే ఆపరేషను చేసి కుట్టేస్తామంది. నేను తల ఊపాను. "ఏమైనా అడుగుతావామ్మా?" అంది. అడగడానికి ఏమీ తోచలేదు.

అడగాల్సింది ఆయన అడిగారు, నన్ను. ఆస్పత్రి వరండాలో బత్తాయి వలుస్తూ, "ఆ టెలిస్కోపు దగ్గర రేడియేషను ఏమైనా ఉంటుందా?" అన్నారు.

"టెలిస్కోపు ఏమీ పంపదు. వింటుంది, అంతే. ఇన్నేళ్లూ అది విన్నదంతా కూడబెట్టినా ఒక నీటిచుక్క వెచ్చబడదు" అన్నాను.

"ఊరికే అడిగాను" అన్నారు.

పెళ్లయ్యాక ఆయన ఊరికే అడిగింది ఏదీ లేదు. అమ్మది గ్రహణం, కొడుకుది రేడియేషను. చదువుకున్నందుకు ఆయన మాట మార్చారు, అంతే. ఇప్పుడు రాస్తుంటే ఒళ్లు మండుతోంది గానీ, అప్పుడు నేను బత్తాయి తొనలు ఒక్కొక్కటే తీసుకుని తిన్నాను. రుచి తెలియలేదు.

కుప్పంలో తప్ప పొద్దుపోదనే అత్త మా మదనపల్లె అద్దె ఇంటికి వచ్చి ఉండిపోయింది. బిడ్డకు పెదవి పట్టు దొరక్క పాలు కుడవలేకపోయేది. నర్సమ్మ పాలు పిండి చెంచాతో పట్టడం చూపించింది. అత్త చెంచా పక్కన పడేసి వెండి ఉగ్గుగిన్నె తీసింది. బిడ్డను కాళ్ల మీద వేసుకుని, చీలిక లేని వైపు నుంచి బొట్టు బొట్టుగా పోసేది. పోస్తూ, "నీ తప్పేముంది తల్లీ, నీ గాచారం" అని మాట్లాడేది. నేను పాలు పిండి ఇచ్చేదాన్ని, గిన్నె కడిగేదాన్ని. బిడ్డను ఎత్తుకోమంటే ఎత్తుకునేదాన్ని. ఆ చీలికను చూస్తే అసహ్యం వేయలేదు, జాలి వేయలేదు. ప్రేమ ఎప్పుడొస్తుందా అని పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉండేది.

కాగితం చుట్టల గురించి మాత్రం అత్త పట్టుబట్టింది. ఉయ్యాల ఉన్న గదిలో ఆ "గ్రహణం కాగితాలు" ఉండటానికి వీల్లేదంది. ముట్టుకుంటే చేతులు కడుక్కునేది. ఆయన వాటిని తీసుకెళ్లి కట్టెల కొట్టంలో పెట్టారు. ఒకటి రెండుసార్లు నేను అక్కడికి పోయి, ఒక చుట్ట విప్పి, స్కేలు పెట్టి కొలవబోయాను. రెండు మెట్లూ కనపడ్డాయి. అవి నాకేమీ చెప్పలేదు. బిడ్డకు పేరుపెట్టడానికి కుప్పం వెళ్లినప్పుడు వాటన్నిటినీ బస్సు టాపు మీద వేయించి, కుప్పం స్టేషన్లో పార్సిలు కట్టించి, కొండకు పంపేశాను. లోపల ఏముండాదని గుమాస్తా అడిగితే, కాగితమని చెప్పాను. ఆ పని మా గైడు ఇంకొకరి చేత పూర్తి చేయించారు.

కొన్ని రేడియో గెలాక్సీలకు నడిబొడ్డు నుంచి వచ్చే మేత ఆగిపోతుంది. అయినా తమ్మెలు చాలాకాలం వెలుగుతూనే ఉంటాయి. ఇంత దూరం నుంచి చూసేవాళ్లకు లోపల ఆగిపోయిందని చప్పున తెలియదు. ఆ ఏళ్లలో నన్ను చూసిన ఎవరైనా ఇంటిని చక్కగా నడుపుకునే ఆడమనిషి అనే అనుకుని ఉంటారు. రాగిసంగటి కెలికాను, పండగలకు గడపకు పసుపు పూశాను, ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పాను.

బిడ్డ బరువు పెరిగింది, ఆపరేషను బాగా జరిగింది. కొంతకాలం పెదవికి స్పర్శ ఉండదు, భయపడొద్దని డాక్టరు చెప్పారు. నేను భయపడలేదు. కుట్లు మానాక ముక్కు కింద ఒక సన్నటి గీత మిగిలింది, పెదవి కాస్త పైకి లాగినట్టు ఉండేది. మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. వచ్చింది అనేకంటే వరదలా వచ్చింది అనాలి.

నాలో ఒక్క పట్టుదల మాత్రం మిగిలింది. అది ప్రేమో కాదో నాకు తెలియదు, దాన్ని మాత్రం గట్టిగా పట్టుకున్నాను. ఈ పిల్ల తన పెదవికి కారణం గ్రహణమని నమ్మకూడదు. వాళ్లమ్మ ఏదో చూడకూడనిది చూడబట్టి తను ఇలా పుట్టానని జన్మలో అనుకోకూడదు. పిల్లకు మాటలు రాకముందే అత్తకు చెప్పేశాను.

"ఈ ఇంట్లో ఆ మాట అనొద్దత్తా."

"అనకుంటే పోతుందా అమ్మా?"

"పోదు. అయినా అనొద్దు."

ఆమె నా ముందు అనలేదు. నేను స్కూలుకు పోయినప్పుడు ఆ ఇంట్లో ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలియదు. వీధి పిల్లల నోళ్లు ఎలాగూ కట్టలేను. ఒకరోజు పాప గచ్చు మీద ఆడుకుంటూ వచ్చి, "మా, అందరికీ బాగుండాది, నాకు యాల ఇట్లుండాది?" అంది. అద్దం ముందు కూర్చోబెట్టి, డాక్టరమ్మ నాకు చెప్పినట్టే చెప్పాను. ముఖం రెండు పక్కల నుంచి వచ్చి మధ్యలో అతుక్కుంటుంది, నీది అతుక్కోవడం ఆలస్యమైంది, డాక్టరు అతికించారు. ఎవరి తప్పూ కాదు. ఏ చంద్రుడూ చేయలేదు, ఏ సూర్యుడూ చేయలేదు. పాప ముక్కు కింద గీతను వేలితో తడుముకుని, "సరే" అంది. చాలాసార్లు చెప్పాను. ప్రతిసారీ సరే అంది. నేను గెలిచాననుకున్నాను.

ఎనభైల చివర్లో పత్రికల్లో చదివాను, బాగా దూరపు రేడియో గెలాక్సీలు దగ్గరివాటిలా నున్నగా గుండ్రంగా లేవట. ముక్కలు ముక్కలుగా, రేడియో తమ్మెలు ఉన్న వైపుకే సాగి, ఇంకా కట్టుబడి పూర్తికాని ఇళ్లలా ఉన్నాయట. నాకు తెలిసిన ఒక లెక్చరరు "మీ అమ్మాయి ముఖం గురించి డాక్టరు చెప్పినట్టే ఉందే" అన్నాడు. గెలాక్సీ గెలాక్సీయే, పిల్ల ముఖం పిల్ల ముఖమే అని ఆయన నోరు మూయించాను. రెండింటికీ పోలిక పెడితే సంబంధం అంటగట్టడానికి జనం కాచుకుని ఉంటారు.

అంతకు చాలా ముందు, పాపకు ఐదేళ్లప్పుడు నేను మళ్లీ కడుపుతో ఉన్నాను. ఆ బిడ్డ పెదవి ఎలా వచ్చిందో ఇక్కడ రాయను. రాస్తే, ఇప్పుడు చెప్పబోయేదానికీ దానికీ ముడి ఉందని ఒప్పుకున్నట్టే. అది ఎనభయ్యో సంవత్సరం, ఫిబ్రవరి. పట్టపగలు పెద్ద సూర్యగ్రహణం వస్తుందని పేపర్లలో రాశారు. మా వైపు సూర్యుడు పూర్తిగా మూసుకోడు కానీ, కొంచెమే మిగులుతాడు. వారం ముందే అట్టముక్కకు సూదితో చిల్లి పెట్టి, పాపకు గోడ మీద సూర్యుడి బొమ్మ పడేలా చూపిద్దామని సిద్ధం చేశాను.

ఆ మధ్యాహ్నం వీధి వీధంతా తలుపులు వేసుకుంది. అత్త నీళ్ల కుండల మీద, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసింది. తర్వాత వచ్చి నా ముందు నిలబడింది. ఆమె వెనక ఆయన నిలబడ్డారు.

"ఈ ఒక్క పూటకి" అన్నారు ఆయన.

"నీకు చెప్పేంత దాన్ని కాదమ్మా. నీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటా" అంది అత్త.

నేను నమ్మలేదు. ఆమె అన్నదాంట్లో ఆవగింజంత కూడా నమ్మలేదు. కానీ వద్దని చెప్పడానికి కావాల్సిన ఓపిక నాలో ఎక్కడ వెతికినా కనపడలేదు. లేచి గదిలోకి వెళ్లి మంచం మీద పడుకున్నాను. కాళ్లు చాపి ఉంచాలి, గోక్కోకూడదు, వేళ్లు మడవకూడదు. కిటికీలకు దుప్పట్లు కట్టారు. అట్టముక్క బయట గూట్లోనే ఉండిపోయింది. తలుపు మూయబోతుంటే సందులోంచి పాప లోపలికి దూరి, నా పక్కన నాలాగే కాళ్లు చాపి పడుకుంది. "బిడ్డనీ ఉండనీలే" అంటూ అత్త బయట గడియ పెట్టింది.

మాది మంగళూరు పెంకుల ఇల్లు. పడమటి వైపు ఒక పెంకుకు చిన్న పగులు ఉండేది. రోజూ సాయంత్రమయ్యే సరికి అందులోంచి రూపాయి బిళ్లంత వెలుగు నేల మీద పడి, మెల్లగా మంచం వైపు పాకేది. చీకట్లో పాపే ముందు చూసింది.

"మా, వెలుగు సూడు. ఎవురో కొరికినట్టుండాది."

చూశాను. బిళ్లకు ఒక పక్క లేదు. మేం ఇంత చేసి గదిలోకి రాకుండా ఆపిన గ్రహణం పెంకు సందులోంచి దిగి నేల మీద కూర్చుంది. నాకు తెలియకుండానే పాఠం చెప్పడం మొదలుపెట్టాను. అది సూర్యుడి బొమ్మ, ఆ పగులే మన అట్టముక్కలోని చిల్లి, కొరుకుతున్నది చంద్రుడు, ఊరికే అడ్డం పోతున్నాడు, కాసేపటికి తప్పుకుంటాడు. పాప వింటూ పడుకుంది. బయట కోళ్లు అరవడం ఆగిపోయింది. ఎండ పలచబడి, ఏదో జ్వరం వచ్చిన పూటలా గది చల్లబడింది. నేల మీది వెలుగు సన్నబడి నెలవంక అయింది, నేల దాటి మంచం పట్టె ఎక్కింది, దుప్పటి మీద పాకింది, నా చీర అంచు మీదికి వచ్చింది.

అది నా కడుపు మీదికి చేరేలోపు పాప లేచి కూర్చుని, అరచెయ్యి అడ్డం పెట్టింది. నెలవంక ఆమె చేతిలో పడింది.

"ఏం చేస్తాండావు?" అన్నాను.

"లోపల పాప మింద పడకూడదు గదా."

"పడితే ఏమీ కాదని చెప్పినాను గదా, ఎన్నిసార్లు చెప్పినాను?"

"నువ్వట్లే చెప్తావులే మా, నేను ఏడుస్తానని" అంది. గొంతులో ఏ దుఃఖమూ లేదు, పెద్దవాళ్లు సర్దిచెప్పినట్టు చెప్పింది. వెలుగు జరిగినకొద్దీ చేతిని కూడా జరుపుతూ, "నా మింద పడనీలే. నాకెట్లాగూ అయిపోయింది గదా" అంది.

అద్దం ముందు అన్న ఆ సరేలన్నీ నా కోసమే అన్నదని అప్పుడు అర్థమైంది. ఐదేళ్ల పిల్ల నన్ను కాపాడుకుంటూ వచ్చింది. ఇప్పుడు నేను ఈ చీకటి గదిలో కాళ్లు చాపుకుని పడుకుని, ఆమె నమ్మిందే నిజమని సంతకం పెట్టాను.

పాప చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకు తీశాను. ఆమె విడిపించుకోవాలని గింజుకుంది. నేను వదల్లేదు. చీర కొంగు తొలగించి, ఆ వెలుగును నా కడుపు మీద పడనిచ్చాను. అది సన్నగా, వంకరగా, చర్మం మీద ఏ వెచ్చదనమూ లేకుండా నిలిచింది. ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. గడియ అవతల అత్త ఏదో స్తోత్రం చదువుతోంది. నాకు భయం వేసింది, ఆ సంగతి దాచుకోను. ఆస్పత్రిలో రాని ఏడుపు మొత్తం అప్పుడు వచ్చింది.

పాప బెదిరిపోయి నా ముఖం మీదికి వంగింది. "మా, యాల ఏడుస్తాండావు? నొప్పి పుడతాందా?"

"పుడతాంది" అన్నాను.